డేటా చదువులో మన పిల్లలు నేర్చుకొనేది ఏమిటి?

ఇంటర్మీడియట్, డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్లలో నడిచే చర్చ ఒక్కటే: "పిల్లవాణ్ణి ముందుకు ఏం చదివిద్దాం?" ఒకప్పుడు ఈ ప్రశ్నకు టైపు, షార్ట్‌హ్యాండు, టీచరు ట్రైనింగు, నర్సు ట్రైనింగు అనే జవాబులు ఉండేవి. తర్వాత కంప్యూటరు వచ్చింది. ఇప్పుడు క్రోసూరు నుండి సత్తెనపల్లికో, నరసరావుపేటకో, గుంటూరుకో బస్సెక్కి కాలేజీకి వెళ్లే పిల్లల నోట "డేటా అనలిటిక్స్" అనే మాట తరచుగా వినిపిస్తోంది.

పిల్లవాడు ఆ మాట అంటాడు. ఫీజు ఎంతో కూడా చెప్తాడు. కాని "అందులో ఏం నేర్పుతార్రా?" అని తండ్రి అడిగితే, "అదొక కంప్యూటరు కోర్సు నాన్నా, ఉద్యోగం వస్తుంది" అని ఊరుకుంటాడు. ఆ ఫీజు మిరప కల్లంలో నుండి రావాలి, లేదా పత్తి అమ్మిన డబ్బులో నుండి రావాలి, లేదా డ్వాక్రా సంఘంలో తల్లి తీసుకున్న అప్పులో నుండి రావాలి. కాబట్టి ఆ చదువులో ఏముందో డబ్బు కట్టేవారికి తెలియడం న్యాయం. ఈ నాలుగు మాటలు వారి కోసం, ఆ పిల్లల కోసం కూడా.

పేరు కొత్తది, పని పాతది

"డేటా" అంటే రాసిపెట్టుకున్న వివరాలు. "అనలిటిక్స్" అంటే ఆ వివరాలను విడదీసి, పోల్చి చూసి, ఒక నిర్ణయానికి పనికివచ్చే సంగతి తెలుసుకోవడం. పాలకేంద్రానికి పాలు పోసే ఇల్లాలు రోజూ ఎన్ని లీటర్లు పోసిందో, వెన్న శాతం ఎంత వచ్చిందో పుస్తకంలో చూసుకొని, "దాణా మార్చినప్పటి నుండి వెన్న తగ్గింది" అని గ్రహించిందనుకోండి. ఆమె చేసింది ఈ పనే. తేడా ఒక్కటే. ఆమె పుస్తకంలో నెలకు ముప్పై వరుసలు ఉంటాయి. ఒక బ్యాంకు దగ్గరో, పెద్ద ఆస్పత్రి దగ్గరో లక్షల వరుసలు ఉంటాయి. అన్ని వరుసలు కంటితో చూడలేము గనుక కంప్యూటరు కావాలి.

గూగుల్ సంస్థ 2021లో కోర్సెరా ద్వారా ప్రారంభించిన మొదటి స్థాయి కోర్సు ఈ పనిని ఆరు మెట్లుగా చెప్తుంది. ప్రశ్న అడగడం, వివరాలు సమకూర్చడం, వాటిని శుభ్రం చేయడం, విశ్లేషించడం, తెలిసినదాన్ని ఇతరులకు అర్థమయ్యేలా చెప్పడం, దాన్ని బట్టి పని చేయడం. వీటిలో కంప్యూటరు ఎక్కువగా సాయపడేది నడిమి మెట్లకే. ఏ ప్రశ్న అడగాలి, తెలిసిన తర్వాత ఏం చేయాలి అనేవి మనిషి పనులుగానే మిగులుతాయి.

ముందు ప్రశ్న, తర్వాత శుభ్రత

కోర్సులో చేరిన పిల్లవాడు మొదట నేర్చుకొనేది ప్రశ్న సరిగా అడగడం. "మా ఊరి మిరప సంగతి చూడాలి" అంటే అది ప్రశ్న కాదు. "ఈ ఏడు మా ఊరి కౌలు రైతుకు ఎకరం మిరపలో కౌలు, కూలి, మందులు పోను ఎంత మిగిలింది?" అంటే అది ప్రశ్న. దానికి జవాబు వెదకవచ్చు. జవాబు దొరికితే పదిమందికి ఉపయోగం.

సరే, పిల్లవాడు పుస్తకం పట్టుకొని పదిమంది రైతుల దగ్గరకు వెళ్లాడనుకోండి. ఒకరు దిగుబడి టిక్కీలలో చెప్తారు, మరొకరు క్వింటాళ్లలో చెప్తారు. ఒకరు ఎకరాల్లో, మరొకరు సెంట్లలో. ఒకరు తేజ రకం వేశారు, ఒకరు 341 వేశారు. ఒకరు తాలుకాయలు కలిపి చెప్పారు, ఇంకొకరు విడిగా చెప్పారు. ఒకాయన ఇంటిల్లిపాదీ చేసిన కూలి లెక్కలోనే వేయలేదు. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు కంప్యూటరులో పోసి కూడమంటే అది క్షణంలో కూడుతుంది. ఆ క్షణంలో వచ్చేది తప్పు జవాబు.

అందుకే ఈ చదువులో ఎక్కువ కాలం పట్టేది శుభ్రం చేసే పని. తాలు, ఎరుపు వేరు చేయకుండా కాయను గుంటూరు యార్డుకు తీసుకుపోతే ఏమవుతుందో మన రైతుకు చెప్పనక్కరలేదు. లెక్క కూడా అంతే. కొలతలన్నీ ఒకటిగా మార్చాలి. ఒకే రైతు పేరు రెండుసార్లు పడిందేమో చూడాలి. ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. తెలియనిచోట సున్నా వేయకూడదు. దిగుబడి సున్నా అంటే పంట పోయిందని అర్థం. ఖాళీ అంటే ఆ రైతును మనం అడగలేదని అర్థం. ఈ రెండింటినీ కలిపేస్తే లెక్క అబద్ధమవుతుంది.

సగటు చెప్పని సంగతి

తర్వాతి పాఠం సగటు. ఇది ఐదో తరగతి లెక్కే గదా అనిపిస్తుంది. కాని దానితో మోసపోయేవారు చాలామంది.

ఒక శిక్షణ సంస్థలో పదిమంది చదివారనుకుందాం. తొమ్మిదిమందికి నెలకు 15,000 రూపాయల జీతం వచ్చింది. ఒక్కరికి 1,65,000 వచ్చింది. అందరి జీతం కూడితే 3,00,000. పదితో భాగిస్తే సగటు 30,000. ఆ సంస్థ "మా విద్యార్థుల సగటు జీతం 30,000" అని బోర్డు మీద రాస్తే అది అబద్ధం కాదు. కాని ఆ పదిమందిలో 30,000 తెచ్చుకొనేవాడు ఒక్కడూ లేడు! అందరినీ జీతం వరుసలో నిలబెట్టి సరిగ్గా నడుమ ఉన్నవారిని చూస్తే 15,000 కనబడుతుంది. దీనిని మధ్యగతం అంటారు. సగటు, మధ్యగతం దూరంగా ఉన్నాయంటే లోపల ఏదో పెద్ద అంకె దాగి ఉందని విద్యార్థి గ్రహించాలి.

ఏడాది అంకె ఒక్కటే చూడడం కూడా ఇటువంటిదే. 2023లో గుంటూరు యార్డులో మేలురకం మిరప క్వింటాలు 20,000 రూపాయలు దాటింది. ఆ ఒక్క అంకె చూసి కౌలు పెంచి సాగుకు దిగినవారికి తర్వాత ఏం జరిగిందో మన ప్రాంతానికి తెలుసు. ధరలు పడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలుకు 11,781 రూపాయలుగా ధర నిర్ణయించవలసి వచ్చింది. ధర బాగున్న ఏడాది తర్వాత అందరూ అదే పంట వేస్తే సరుకు పెరిగి ధర తగ్గుతుంది. డేటా చదివిన పిల్లవాడు రేపటి ధర చెప్పలేడు. కాని "ఒక్క ఏడు చూడొద్దు నాన్నా, పదేళ్ల ధరలు వరుసగా పెట్టి చూద్దాం. తగ్గిన ఏడు ఎంత తగ్గిందో, అంత తగ్గితే మనం తట్టుకోగలమో లేదో చూద్దాం" అని చెప్పగలడు. మార్కెట్ ధరలు ప్రభుత్వపు ఆగ్‌మార్క్‌నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఆ ఒక్కమాట ఒక ఇంటిని అప్పు నుండి కాపాడవచ్చు.

కలిసి వచ్చినంత మాత్రాన కారణం కాదు

2021-22 పంటకాలంలో నల్ల తామరపురుగు మన మిరప తోటల మీద పడిన సంగతి ఎవరూ మరచిపోలేదు. పూత మాడి, కాయ నిలవక ఎన్నో తోటలు పోయాయి. ఆ ఏడు ఒక ఊరి లెక్క తీస్తే, ఎక్కువసార్లు మందు కొట్టిన రైతులకే తక్కువ దిగుబడి వచ్చినట్టు తేలిందనుకోండి. "చూశారా, మందు కొడితే దిగుబడి తగ్గుతుంది" అని తేల్చవచ్చా? తేల్చకూడదు. పురుగు ఎక్కువ పడిన తోటకే ఎక్కువసార్లు కొట్టారు. దిగుబడి తగ్గడానికి పురుగు కారణం కావచ్చు, మందు కాకపోవచ్చు. అలాగని మందు మేలే చేసిందని కూడా ఆ లెక్క చెప్పదు. పురుగు ఒకే తీరున పడిన తోటలను విడిగా తీసి, వాటిలో కొట్టినవి, కొట్టనివి పోల్చితేనే కొంత తెలుస్తుంది.

రెండు సంగతులు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. ప్రారంభ కోర్సులో విద్యార్థి నేర్చుకొనే విలువైన పాఠాలలో ఇది ఒకటి. పల్లెల్లో ఎన్ని నిందలు, ఎన్ని అపోహలు ఈ పాఠం తెలియక పుడుతున్నాయో ఆలోచించండి. కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టిన ఏడే గేదె చచ్చిందని నింద వేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి గదా!

ఇల్లిల్లూ తిరిగిన ఒక ఉపదేశకుడు

ఈ పాఠానికి చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. మన సంఘ కుటుంబాలకు అది మరీ దగ్గరి కథ.

1854లో లండను నగరంలో సోహో అనే పేటలో కలరా వచ్చి, కొద్ది రోజులలోనే వందలమంది చనిపోయారు. చెడుగాలి వలన కలరా వస్తుందని అప్పుడు చాలామంది నమ్మకం. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం చనిపోయినవారి ఇళ్లను గుర్తించి, వారిలో ఎక్కువమంది బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక బోరింగు పంపు నీళ్లు తాగినవారని చూపించాడు. ఆయన పంపుకు దూరంగా ఉండి చనిపోయినవారి సంగతి విచారించాడు. దగ్గర ఉండి బ్రతికినవారి సంగతీ విచారించాడు. పంపుకు సమీపంలోనే ఉన్న ఒక పేదల ఆశ్రమంలో 535 మంది ఉంటే, కలరాతో చనిపోయినవారు ఐదుగురే. ఎందుకని? వారికి సొంత బావి ఉంది. ఆయన మాట మీద సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసేశారు.

ఆ పేటలోని సెయింట్ లూకా చర్చిలో హెన్రీ వైట్‌హెడ్ అనే యౌవన ఉపదేశకుడు ఉన్నాడు. ఆయన స్నో మాట నమ్మలేదు. అది తప్పని చూపించాలనే పూనుకున్నాడు. పిడి తీసేసరికే మరణాలు తగ్గుముఖం పట్టాయి గనుక, తీసినందువల్లనే తగ్గాయని చెప్పడానికి వీలు లేదు కూడా. వైట్‌హెడ్‌కు ఆ పేటలో అందరూ తెలిసినవారే. ఆయన మళ్లీ మళ్లీ ఇళ్లకు వెళ్లి, ఎవరు ఏ నీళ్లు తాగారో, ఎవరు బ్రతికారో, ఎవరు చనిపోయారో అడిగి రాసుకున్నాడు. రాసిన లెక్క ఆయన అభిప్రాయానికి ఎదురు తిరిగింది. పంపు నీళ్లు తాగినవారిలోనే జబ్బు ఎక్కువ. అంతేకాదు, పంపు ఎదుటి ఇంట్లో ఒక పసిబిడ్డకు ముందుగా విరేచనాలు పట్టుకొన్నాయనీ, ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు బావి పక్కనే ఉన్న మురుగుగుంటలో పోశారనీ కనుగొన్నది ఆయనే. తవ్వి చూస్తే ఆ గుంట నుండి మురుగు బావిలోకి దిగుతోంది.

వైట్‌హెడ్ దగ్గర కంప్యూటరు లేదు. ఉన్నవి రెండు. ప్రజలు తలుపు తీసి మాట్లాడేంత నమ్మకం, లెక్క తన అభిప్రాయానికి విరోధంగా వచ్చినా దానిని ఒప్పుకొనే నిజాయితీ. డేటా చదువుకు ఈ రెండూ పునాదులు.

కనబడనివారిని లెక్కించడం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అబ్రహాం వాల్డ్ అనే గణాంక శాస్త్రవేత్త అమెరికాలో పనిచేశాడు. యుద్ధం నుండి తిరిగి వచ్చిన విమానాలకు ఎక్కడ ఎన్ని గుండ్లు తగిలాయో లెక్క ఉంది. గుండ్లు ఎక్కువ తగిలినచోట ఇనుపరేకు మందంగా వేయాలని ఎవరికైనా తోస్తుంది. వాల్డ్ ఆలోచన వేరు. ఇవి తిరిగి వచ్చిన విమానాలు. కూలిపోయినవి ఈ లెక్కలో లేవు. తిరిగి వచ్చినవాటికి ఎక్కడ గుండ్లు తగలలేదో, అక్కడ తగిలినవే కూలిపోయి ఉంటాయి. కాబట్టి కాపుదల అక్కడ కావాలి. ఈ వాల్డ్ 1950 డిసెంబరులో మన దేశానికి ఉపన్యాసాలకు వచ్చి, నీలగిరి కొండలలో జరిగిన విమాన ప్రమాదంలో మరణించాడు.

ఇప్పుడు పట్టణంలో శిక్షణ సంస్థల గోడల మీది ఫోటోలు చూడండి. ఉద్యోగాలు వచ్చిన పిల్లల నవ్వు ముఖాలు కనబడతాయి. అవి తిరిగి వచ్చిన విమానాలు. చేరి మధ్యలో మానినవారు, పూర్తి చేసినా ఉద్యోగం రానివారు గోడ మీద ఉండరు. కాబట్టి తల్లిదండ్రులు ఫీజు కట్టకముందే మొగమాటం లేకుండా అడగాలి. పోయిన ఏడు ఎంతమంది చేరారండీ? ఎంతమంది పూర్తి చేశారు? ఎంతమందికి ఉద్యోగం వచ్చింది? అది ఏ ఉద్యోగం, ఏ ఊళ్లో? నడుమనున్నవారి జీతం ఎంత? చదివిన ఇద్దరు ముగ్గురు పిల్లలతో మేము మాట్లాడవచ్చా? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పని చోట డబ్బు కట్టకపోవడం మంచిది.

నందిగామ బడిలో చదివిన శాస్త్రవేత్త

ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు. ప్రపంచం గౌరవించిన గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు మన తెలుగువాడే. ఆయన 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న మన నందిగామ, విశాఖపట్నం ఆయన చదివిన ఊళ్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. కోరిన ఉద్యోగం దొరకలేదు. అక్కడ ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో విద్యార్థిగా చేరారు. 1945లో ఆయన ప్రచురించిన పరిశోధన వ్యాసం ఇప్పటికీ ప్రపంచమంతటా పాఠ్యాంశం. ఉన్న వివరాలతో మనం వేసే అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో, ఏ హద్దు దాటలేదో ఆయన చూపించారు. 2023లో, 102 ఏళ్ల వయస్సులో, అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకొని, అదే ఏడు ఆగస్టులో కన్నుమూశారు.

ఆయన పేరు నిలిపిన ఆ వ్యాసం అంచనాకు హద్దు ఎక్కడో చెప్పేది. "నాకు ఇంతవరకే తెలుసు, దీనికి మించి ఈ లెక్క చెప్పదు" అనే వినయం ఈ శాస్త్రంలోనే ఉంది. మన పిల్లలు నేర్చుకోవలసింది కూడా అదే.

పనిముట్లు, చదువుకొనే చోట్లు

ఇక పనిముట్ల మాట. మొదటి స్థాయిలో స్ప్రెడ్‌షీట్, అంటే ఎక్సెల్ వంటి గడుల పుస్తకం నేర్పుతారు. తర్వాత పెద్ద పట్టికలలో నుండి కావలసినవి అడిగి తెచ్చుకొనే ఎస్.క్యు.ఎల్., పటాలు గీసే పవర్ బి.ఐ. లేదా టాబ్లో, కొంత పైథాన్ లేదా ఆర్ భాష. ఈ రోజుల్లో కృత్రిమ మేధ కూడా సూత్రాలు రాసి, పటాలు గీసి ఇస్తోంది. అందువల్ల మీటలు నొక్కడం మాత్రమే నేర్చిన పిల్లవాడికి విలువ తగ్గుతోంది. యంత్రం ఇచ్చిన జవాబు సరైనదో కాదో పట్టుకోగలవాడికి విలువ ఉంది.

వేల రూపాయలు కట్టకముందు ఉచితంగా మొదలుపెట్టే మార్గాలున్నాయి. ఐ.ఐ.టి.లు, బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌సి. కలిసి నడిపే ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు, 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వపు స్వయం పాఠాలు ఉచితంగా వినవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే మాత్రం రుసుము ఉంటుంది. మద్రాసు ఐ.ఐ.టి. 2020లో డేటా సైన్సులో ఇంటి నుండి చదివే డిగ్రీ ప్రారంభించింది. జె.ఇ.ఇ. రాయనివారు కూడా దాని అర్హత పరీక్ష నెగ్గి చేరవచ్చు. పేద కుటుంబాలకు ఫీజులో రాయితీ ఉంది. అక్కడ మొదటి మెట్టులో నేర్పేవి గణితం, గణాంకం, కంప్యూటరు రీతిలో ఆలోచించడం, పైథాన్, ఇంగ్లీషు. లెక్కలూ ఇంగ్లీషూ లేకుండా రెండు నెలల్లో డేటా నిపుణుణ్ణి చేస్తామనే ప్రకటనకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

కంప్యూటరు లేని ఇంటి పిల్లలు సెల్‌ఫోనులోనే గూగుల్ షీట్స్ తెరిచి మొదటి పాఠాలు అభ్యసించవచ్చు. అమ్మాయిలను కూడా ఇందులో వెనుకకు పెట్టవద్దు. ఇంటి దగ్గర ఓపికగా కూర్చుని నేర్చుకొనేందుకు వీలున్న చదువు ఇది.

అంకె వెనుక మనిషి

ఒక హెచ్చరిక అవసరం. మీ అబ్బాయి ఊరి లెక్క రాస్తే అందులో ఇంటింటి అప్పులు, జబ్బులు, ఆదాయాలు పడతాయి. అవి నమ్మి చెప్పిన మాటలు. మన దేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం మాట అటుంచి, పొరుగువాడి అప్పు వాట్సాప్‌లో పెట్టడం నమ్మకద్రోహం. పేర్లు తీసేసి, ఊరి మొత్తం మాత్రమే చూపించడం నేర్చుకోవాలి. అడిగేముందు ఎందుకు అడుగుతున్నామో చెప్పాలి.

యౌవనులారా, కోర్సులో చేరకముందే ఒక పని చేయండి. రానున్న పంటకాలానికి ఒక నోటుపుస్తకం తీసుకొని, మీ ఇంటి పొలానికి పెట్టిన ప్రతి రూపాయి తేదీతో సహా రాయండి. విత్తనం, నారు, మందు, కూలి, కౌలు, వడ్డీ, బండి కిరాయి, కమీషను. ఇంటివారి కూలి కూడా వేయండి. కాయ అమ్మిన రోజున మీ అమ్మా నాన్నల దగ్గర కూర్చుని, ఎకరానికి ఎంత మిగిలిందో, లేక ఎంత పోయిందో చూపించండి. ఆ లెక్క చూసి మరుసటి ఏటి సాగు గురించి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుంటే, ఆ చదువు మీ ఇంటికి పనికివచ్చినట్టే.

తల్లిదండ్రులారా, ఈ కోర్సు ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఉద్యోగానికి ఇంకా లెక్కలు, ఇంగ్లీషు, రెండు మూడేళ్ల అభ్యాసం కావాలి. అయితే చేతికి వచ్చిన అంకెను తొందరపడి నమ్మకుండా, "ఎవరు లెక్కించారు? ఎవరిని వదిలేశారు? మరో కారణం ఉందా?" అని అడగడం మీ బిడ్డకు అలవాటైతే, అది ఏ ఉద్యోగంలోనైనా, ఏ పొలంలోనైనా పనికివస్తుంది. ఆ అలవాటు నేర్పేచోట ఫీజు కట్టండి.